చేబదులుతో ఇంటి తనఖా తీర్చునప్పుడు

మన చేనేత కుటుంబములలో చేబదులుకు కాగితము వ్రాసికొను అలవాటు తక్కువ. అయినవారి వద్ద కాగితమేమిటని మొగమాటము. నూలుకో, పండుగకో తెచ్చిన చిన్న మొత్తముల సంగతి ఎట్లున్నను, ఇల్లు తనఖానుండి విడిపించుటకిచ్చిన పెద్ద మొత్తములలో ఈ మొగమాటము రెండు కుటుంబములను కోర్టు కెక్కించును. కావున చట్టము చెప్పునది ఇచట విన్నవించుచున్నాము.

షోలాపురములో ఒక సోదరుని ఇల్లు షావుకారువద్ద తనఖాలో ఉన్నదనుకొందము. ఇల్లు వేలమునకు రానున్న తరుణమున బావగారు మూడు లక్షలు చేబదులిచ్చి అప్పు తీర్పించినారు. తరువాత మాటలు చెడినవి. "నా డబ్బుతో విడిపించిన ఇల్లు, ఇక షావుకారు హక్కు నాదే" అని బావగారి వాదము. ఉత్త నోటిమాట మీద ఈ వాదము నిలువదు. 1882వ సంవత్సరపు ఆస్తి బదలాయింపు చట్టము, 92వ సెక్షను ప్రకారము, తనఖా తీర్చుటకు అప్పిచ్చినవానికి షావుకారు హక్కు సంక్రమించవలెనన్న, ఇంటి యజమాని అందుకు ఒప్పుకొని రిజిస్టరు దస్తావేజు వ్రాసియుండవలెను. తనఖా పూర్తిగా తీరియుండవలెను. లేనిచో అది ఇంటిపై హక్కులేని చేబదులే.

ఇందువలన నష్టమేమి? 1963వ సంవత్సరపు కాలపరిమితి చట్టములో తనఖా బాకీ దావాకు 12 ఏండ్ల గడువు కలదు. చేబదులుకు 3 ఏండ్లే. "అడిగినప్పుడు ఇచ్చెదను" అన్న అప్పుకు సైతము అడిగిన నాటినుండి కాదు, ఇచ్చిన నాటినుండియే లెక్క. నోటిమాట అప్పు చెల్లకపోదు గాని, ఋజువు భారము ఇచ్చినవారిదే. బ్యాంకు ద్వారా పంపినను, సొమ్ము చేరినదని తెలియునే గాని అది అప్పేనని తేలదు.

కావున ఇచ్చువారు రిజిస్టరు దస్తావేజు పుచ్చుకొనవలెను. కనీసము ప్రామిసరీ నోటైనను ఉండవలెను. రెవెన్యూ స్టాంపు లేని నోటును కోర్టు సాక్ష్యముగా తీసికొనదు. తరువాత జరిమానా కట్టినను ప్రయోజనము లేదు. గడువు దాటకముందే కొంత బాకీ చెల్లించి, ఆ చెల్లు నోటు వెనుక వ్రాసి బాకీదారు సంతకము చేసినచో, ఆ తేదీనుండి మరల 3 ఏండ్లు వచ్చును.

పుచ్చుకొన్నవారును జాగ్రత్తపడవలెను. కట్టిన ప్రతి రూపాయికి రశీదు, బాకీ తీరిననాడు నోటు, షావుకారు వద్దనుండి ఇంటి కాగితములు, తనఖా రద్దు దస్తావేజు తప్పక తీసికొనవలెను.

చుట్టరికము చుట్టరికమే, లెక్క లెక్కయే. కాగితము వ్రాసికొన్నచో రెండును నిలుచునని మా మనవి.