వైఫై ఒకరికి, నెట్టు ఇద్దరికి

పోయినేడు ఉపకార వేతనం దరఖాస్తుకు చివరి రోజు. రాత్రి ఎనిమిది దాటింది. ఉట్నూరు వైపు నుంచి వచ్చిన జూనియర్ తమ్ముడొకడు మా హాస్టల్ గదిలో తన పాత డెస్క్‌టాప్ ముందు దిగాలుగా కూర్చున్నాడు. మార్కుల మెమో, ఆదాయ పత్రం, బ్యాంకు పాసుబుక్కు అన్నీ అందులోనే వున్నవి. కాని ఆ డబ్బాకు వైఫై అందుకునే పరికరం లేదు. పక్కనే నా లాప్‌టాప్‌కు వైఫై నిక్షేపంగా వస్తున్నది. అన్నీ నా దాంట్లో వేసుకొని నింపుదామంటే, నేనూ అదే దరఖాస్తు నింపుతున్నాను. గడువు ఇద్దరికీ ఒక్కటే.

"అన్నా, నీ దాంట్లకెళ్ళి నా దాంట్లకు నెట్టు రాదా?" అన్నాడు.

రెండింటికీ ఈథర్నెట్ సాకెట్లున్నవి. ఒక కేబుల్ ముక్క దొరికింది. ఇటు కొస ఇక్కడ, అటు కొస అక్కడ పెట్టినం. దీపాలు మిణుకుమన్నాయి గాని నెట్టు రాలేదు. తీగ వేసినా నెట్టు ఎందుకు రాదు? మిత్రులారా, ఈ ప్రశ్నకు జవాబే ఈ వ్యాసం.

ముందుగా ఈథర్నెట్ సంగతి. 1973లో అమెరికాలోని జిరాక్స్ కంపెనీ పరిశోధనశాలలో బాబ్ మెట్‌కాఫ్, డేవిడ్ బాగ్స్ అనేవారు దీనికి రూపమిచ్చారు. అంతకుముందు 1971లో హవాయి విశ్వవిద్యాలయం వారు దీవుల మధ్య కంప్యూటర్లను రేడియో తరంగాలతో కలిపారు. ఆ పద్ధతి చూసే మెట్‌కాఫ్‌కు ఈ ఆలోచన కలిగింది. వెలుతురు ప్రయాణించడానికి విశ్వమంతా 'ఈథర్' అనే పదార్థం నిండి వున్నదని పూర్వపు శాస్త్రజ్ఞులు భావించేవారు. ఆ పేరే ఈ తీగకు పెట్టారు. అంటే తీగకు ఆకాశం పేరు! గాలిలో మాట్లాడే వైఫై ప్రమాణం 1997లో గాని రాలేదు.

ఇక అసలు విషయం. గాలిలో వచ్చేదాన్ని తీగలోకి నేరుగా వంపితే సరిపోదా? సరిపోదు. వైఫై పంచే పెట్టె తన దగ్గర పేరు నమోదు చేసుకున్న యంత్రం నుంచే సమాచారం తీసుకుంటుంది. ప్రతి యంత్రానికీ ఒక గుర్తింపు సంఖ్య వుంటుంది. నమోదైంది నా లాప్‌టాప్ సంఖ్య. డెస్క్‌టాప్ తన సొంత పేరుతో ఏదైనా పంపితే "నువ్వెవరివి?" అని తోసేస్తుంది. అందుకే రెండు అడాప్టర్లకూ మధ్య 'బ్రిడ్జి' వేసే పద్ధతి వైఫై దగ్గర తరచు విఫలమవుతుంది.

కాబట్టి మధ్యనున్న లాప్‌టాప్ వట్టి తీగలా వుంటే చాలదు, హాస్టల్ గుమస్తాలా పనిచేయాలి. గదిలోని విద్యార్థి ఉత్తరం రాసిస్తే గుమస్తా దానిమీద హాస్టల్ చిరునామా వేసి పంపుతాడు. ఏ ఉత్తరం ఎవరిదో తన పుస్తకంలో ఒక నంబరు వేసుకుంటాడు. జవాబు వచ్చినప్పుడు ఆ నంబరు చూసి సరైన గదికి అందజేస్తాడు. లాప్‌టాప్ చేసేదీ అదే. డెస్క్‌టాప్ అడిగినదాన్ని తన పేరు మీద బయటికి పంపుతుంది, పోర్టు నంబరు రాసుకుంటుంది, వచ్చిన జవాబును తిరిగి తీగలోకి వేస్తుంది. దీన్ని చిరునామా మార్పిడి అంటే నాట్ అంటారు. పాత పద్ధతి ఇంటర్నెట్ చిరునామాలు మొత్తం 429 కోట్ల పైచిలుకే. లోకంలోని యంత్రాలన్నింటికీ అవి చాలవు గనుక, ఇళ్ళలో ఆఫీసుల్లో లోపల వాడుకోవడానికి 192.168 తో మొదలయ్యే వరుస వంటివి కొన్ని విడిగా కేటాయించారు.

చేసే విధానం కష్టమేమీ కాదు. విండోస్‌లో ఈ సౌకర్యం 1999 నుంచి వున్నది. కంట్రోల్ ప్యానెల్‌లో నెట్‌వర్క్ కనెక్షన్ల పేజీ తెరవాలి. వైఫై బొమ్మ మీద కుడి మీట నొక్కి ప్రాపర్టీస్, అందులో షేరింగ్ అనే భాగానికి పోవాలి. ఇతరులు ఈ కనెక్షన్ వాడుకోవచ్చు అనే మొదటి గడిలో టిక్కు పెట్టి, ఎవరికి అన్నచోట ఈథర్నెట్‌ను ఎంచుకోవాలి. అంతే. లాప్‌టాప్ తీగ వైపున 192.168.137.1 అనే చిరునామా తీసుకొని, అవతలి యంత్రానికి అదే వరుసలో మరొకటి ఇస్తుంది. లినక్స్ వాడేవారు తీగ కనెక్షన్‌లోని ఐపీవీ4 దగ్గర 'ఇతర కంప్యూటర్లతో పంచుకొను' అన్న పద్ధతి ఎంచుకుంటే చాలు.

డెస్క్‌టాప్‌లో చిరునామా తనంతట తాను తీసుకునేట్లు వుంచాలి. అక్కడ 169.254 తో మొదలయ్యే అంకె కనిపిస్తే గుమస్తా ఇంకా పనిలో దిగలేదన్నమాట. టిక్కు తీసి మళ్ళీ పెట్టి చూడాలి. లాప్‌టాప్ నిద్రపోతే ఇద్దరికీ నెట్టు పోతుంది. వేగం గురించి కూడా ఒక మాట: శ్రీరాంసాగర్ నుంచి కాకతీయ కాలువలో వదిలినన్నింటికి మించి నీళ్ళు ఆ కాలువ ద్వారా కరీంనగర్ దగ్గర దిగువ మానేరుకు చేరవు. ఇక్కడా అంతే. కేబుల్ ఎంత గొప్పదైనా వైఫై తెచ్చినంతే ఇద్దరూ పంచుకోవాలి.

ఇట్లా ఆ రాత్రి తొమ్మిదిన్నరకల్లా మా ఇద్దరి దరఖాస్తులూ పోయినవి. అక్కడితో ఆగితే బాగుండు. పక్కగది మిత్రుడు, "గా వైరు గోడ సాకెట్ల పెట్టుర్రి, అందరికీ వస్తది" అన్నాడు. పెట్టినం. ఆ సాకెట్ కాలేజీ నెట్‌వర్కుది. అక్కడ చిరునామాలిచ్చే యంత్రం వేరే వుండనే వున్నది. ఇప్పుడు నా లాప్‌టాప్ కూడా పోటీగా చిరునామాలు పంచడం మొదలుపెట్టింది. ఆ తరువాత తెరిచిన కంప్యూటర్లలో చాలావరకు నా దాని వెంటే పడ్డవి. దాని వల్ల కాలేదు. మా అంతస్తులో ఆరేడుగురి దరఖాస్తులు సగంలో ఆగిపోయినవి. ఎవరికీ కారణం తోచలేదు. చివరకు కంప్యూటర్ సారు వచ్చి ఒక్కొక్క గదీ వెతికి, మా వైరు పీకి, "బాబూ, నువ్వు నెట్టు పంచలేదు, ఇంకో దుకాణం తెరిచినవు" అన్నారు.

పన్నెండు కొట్టడానికి కొద్ది నిమిషాల ముందు చివరి మిత్రుని దరఖాస్తు పోయింది. పోకపోతే? ఆదిలాబాద్ జిల్లా మారుమూల పల్లె నుంచి వచ్చినవాడు. ఏడాది మెస్ బిల్లు ఎక్కడి నుంచి కట్టేవాడు? తలుచుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది.

ఇంకొక సంగతి కూడా ఆ రాత్రే తెలిసింది. డెస్క్‌టాప్‌లో ఎవరు ఏం చూసినా, ఏం చేసినా, బయటి లెక్కల్లో పడేది నా లాప్‌టాప్ పేరే. కాలేజీ వైఫైలో లాగిన్ అయింది నేను గనుక జవాబు చెప్పవలసిందీ నేనే. అందుకే నమ్మినవారికే పంచాలి, సారును అడిగి పంచాలి, కేబుల్ రెండు కొసలూ మన రెండు యంత్రాల్లోనే వుండాలి. గోడ జోలికి పోరాదు.

పంచుకోవడం మన హాస్టళ్ళకు కొత్త కాదు. ఒక పుస్తకం నలుగురం చదివినం, ఒక సైకిల్ మీద ముగ్గురం తిరిగినం. నెట్టు కూడా అట్లాగే పంచుకుందాం. కాని పంచేవాడు గుమస్తా అని, గుమస్తాకు లెక్క అప్పజెప్పే బాధ్యత వుంటుందని మరువకుందాం.