నౌపడా ఉప్పు, స్లైడ్ ఫిల్మ్: తెలుపుని తెల్లగా తీయడం ఎలా?

ఫోన్‌తో ఫోటో తీసేటప్పుడు ఎక్స్‌పోజర్ గురించి మనలో ఎంతమంది ఆలోచిస్తాం? ఒక్క క్లిక్‌కి ఫోన్ చాలా ఫ్రేములు తీసి, కలిపి హెచ్‌డీఆర్ చేసేస్తుంది. స్లైడ్ ఫిల్మ్‌తో ఆ సుఖం లేదు. అర స్టాప్ తేడా వచ్చినా కనిపించిపోతుంది.

ఈ పాఠం నాకు శ్రీకాకుళం జిల్లా నౌపడా ఉప్పు మడుల్లో దొరికింది. మా మావయ్య అక్కడే పని చేస్తాడు. ఈ సీజన్‌తో మానేస్తానన్నాడు. మానేసేలోపు మంచి ఫోటో తీయాలని నికాన్ ఎఫ్ఎం10లో ప్రోవియా 100ఎఫ్ రోల్ వేసుకుని వెళ్లా. మీటర్ ఓకే అన్నట్టే 36 ఫ్రేములూ తీశా. స్లైడ్స్ వచ్చాక మావయ్య వెలుగుకి పెట్టి చూసి, "ఏట్రా ఇది, ఉప్పా బూడిదా? ఇందులో నేనేడి?" అన్నాడు.

తప్పు కెమెరాది కాదు, నాది. మీటర్ దేన్ని చూసినా సగటు బూడిద రంగే అనుకుంటుంది. అంటే 18 శాతం వెలుగుని తిప్పికొట్టే రంగు. ఉప్పు అంతకంటే చాలా ఎక్కువ తిప్పికొడుతుంది. అందుకే మీటర్ వెలుగు తగ్గించేసింది. ఉప్పు బూడిదైంది, మావయ్య ముఖం నల్లబడింది.

అలాగని ఇష్టమొచ్చినట్టు పెంచకూడదు. నెగటివ్ ఫిల్మ్‌లో కాస్త ఎక్కువైనా ప్రింట్‌లో సర్దుకోవచ్చు. స్లైడ్‌లో ఎక్కువైన చోట రంగే మిగలదు, ఖాళీ ప్లాస్టిక్ మిగులుతుంది. ఏ స్కానరూ దాన్ని వెనక్కి తేలేదు.

రెండోసారి ఉదయం 9 గంటలకి వెళ్లా. ఎండ పడుతున్న ఉప్పు గుట్ట దగ్గరికెళ్లి, దాని మీదే మీటర్ చూశా: ఎఫ్/16, 1/500. దానికి ఒకటిన్నర స్టాప్ పెంచా. షట్టర్ 1/250, అపర్చర్ రింగ్ 16కీ 11కీ మధ్యలో. ఉప్పు తెల్లగా ఉంటుంది, గరుకుదనమూ పోదు. ఇక ముఖం సంగతి: వెలుగునీ నీడనీ రెంటినీ స్లైడ్ మోయలేదు కాబట్టి, ఎండ సూటిగా ముఖం మీద పడేలా మావయ్యని నిలబెట్టా. అనుమానం ఉన్న ఫ్రేముల్ని అర స్టాప్ అటూ ఇటూ మార్చి మూడేసి తీశా.

రోల్ ఖర్చు లేకుండా ఇది ప్రాక్టీస్ చేయాలంటే ఫోన్ చాలు. ప్రో మోడ్‌లో స్పాట్ మీటరింగ్ పెట్టి, తెల్ల చొక్కా మీద రీడింగ్ తీసుకుని, మీరే ఒకటిన్నర స్టాప్ పెంచి చూడండి.

రెండో రోల్ చూసి మావయ్య పెద్దగా ఏమీ అనలేదు. ఒక స్లైడ్ తీసి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.