అపార్ట్‌మెంట్ డాబా మీద ఎర్ర గులాబీ

హైదరాబాద్‌లో మా అపార్ట్‌మెంట్ డాబా ఎక్కి తల పైకెత్తితే, ఎంత మంచి రాత్రయినా కనిపించేవి ఇరవయ్యో ముప్పయ్యో చుక్కలు. మిగతాదంతా బూడిద రంగు. అలాంటి చోటు నుంచి సుమారు 5 వేల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న నెబ్యులాని ఫొటో తీస్తానంటే మా రూమ్మేట్ పగలబడి నవ్వాడు. "ఆ డబ్బులతో గోవా వెళ్లి రావచ్చు కదరా" అన్నాడు. నిజమే! కొత్త కెమెరా, ఫిల్టర్లు కలిపి నా రెండు నెలల జీతం దాటింది. పని చేయకపోతే వాడి ముందు తలెత్తుకోలేను.

పాత కెమెరాతో గొడవేంటి?

మూడేళ్లుగా నా దగ్గరున్నది మామూలు డీఎస్ఎల్ఆర్. దాంతోపాటు 60 మిల్లీమీటర్ల చిన్న టెలిస్కోప్, ఆకాశం వెంట నెమ్మదిగా తిరిగే మౌంట్. చందమామకి, ఒరాయన్ నెబ్యులాకి ఇవి చాలు. అంతకంటే మసకగా ఉన్నవాటి దగ్గర మాత్రం చేతులెత్తేసేవి.

నెబ్యులాల్లో ఎక్కువగా ఉండేది హైడ్రోజన్. అది 656.3 నానోమీటర్ల దగ్గర ముదురు ఎరుపు వెలుగునిస్తుంది. దీన్నే హెచ్-ఆల్ఫా అంటారు. కలర్ కెమెరాలో ప్రతి నాలుగు పిక్సెళ్లలో ఎరుపుని పట్టుకునేది ఒక్కటే. పైగా మన ఫొటోల్లో రంగులు సహజంగా రావాలని సెన్సర్ ముందు పెట్టే అద్దం ఆ ముదురు ఎరుపులో ఎక్కువ భాగాన్ని ఆపేస్తుంది. మిగిలిన కాస్తా సిటీ లైట్లలో కలిసిపోతుంది.

ఫిల్టర్ చేసే మ్యాజిక్

కొత్త కెమెరా బ్లాక్ అండ్ వైట్. ప్రతి పిక్సెల్ పనికొస్తుంది. లోపల కూలర్ ఉంటుంది కాబట్టి సెన్సర్ మైనస్ 10 డిగ్రీలకి చల్లబడుతుంది. వేడి వల్ల ఫొటోలో పుట్టే చుక్కచుక్కల నాయిస్ అలా బాగా తగ్గుతుంది.

అసలు హీరో మాత్రం 7 నానోమీటర్ల ఫిల్టర్. మన కంటికి కనిపించే వెలుగు దాదాపు 400 నుంచి 700 నానోమీటర్ల వరకు పరుచుకుని ఉంటుంది. అందులో హెచ్-ఆల్ఫా చుట్టూ ఉన్న 7 మాత్రమే ఈ ఫిల్టర్ లోపలికి రానిస్తుంది. వీధుల్లోని తెల్లటి ఎల్ఈడీ లైట్లు అన్ని రంగుల్నీ వెదజల్లుతాయి కాబట్టి వాటి వెలుగులో చాలా తక్కువ భాగమే లోపలికొస్తుంది. హైడ్రోజన్ ఇచ్చే ఆ ముదురు ఎరుపు వెలుగంతా ఆ ఒక్క గీత దగ్గరే ఉంటుంది కాబట్టి దాదాపు మొత్తం వచ్చేస్తుంది. గుంపులో వంద మంది అరుస్తున్నా మనకి కావలసిన ఒక్క గొంతునే వినడం లాంటిదన్నమాట.

ఈ ట్రిక్ గుంటూరులో పాతదే

మాది గుంటూరు. కాబట్టి ఇది చెప్పకుండా ఉండలేను. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం చూడ్డానికి ఫ్రాన్స్ శాస్త్రవేత్త జూల్స్ జాన్సెన్ మా ఊరొచ్చాడు. సూర్యుడి అంచున ఎగసిపడే జ్వాలల వెలుగుని స్పెక్ట్రోస్కోప్‌లో చూస్తే ప్రకాశవంతమైన హైడ్రోజన్ గీతలు కనిపించాయి. ఇంత వెలుగున్న గీతలు గ్రహణం లేకపోయినా కనిపించాలి కదా అనుకున్నాడు. మర్నాడు, ఏ గ్రహణమూ లేని పట్టపగలు చూశాడు. కనిపించాయి! స్పెక్ట్రోస్కోప్ ఎండ వెలుగుని పలచగా పరిచేస్తుంది, గీతలు మాత్రం గీతలుగానే నిలబడతాయి. అదీ కిటుకు. ఆయన పగటి వెలుగుని పక్కకి తోశాడు, నేను సిటీ వెలుగుని తోస్తున్నా.

మొదటి రాత్రి ఫెయిల్

డిసెంబరు చివర్లో మొదటి ప్రయత్నం. టార్గెట్ రోజెట్ నెబ్యులా, మన ఆరుద్ర నక్షత్రానికి కొంచెం తూర్పున ఉంటుంది. మౌంట్‌ని ధ్రువ నక్షత్రం వైపు సరిచేయాలి. హైదరాబాద్‌లో అది దిగంతం నుంచి 17 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది. మాకు సరిగ్గా ఎదురు టవర్ వెనక! చివరికి ఎన్.ఐ.ఎన్.ఎ. అనే ఉచిత సాఫ్ట్‌వేర్ కాపాడింది. ఆకాశంలో వేరే చోట మూడు ఫొటోలు తీసి, మౌంట్ ఎంత తిప్పాలో అదే చెప్పింది.

హమ్మయ్య అనుకుని ఫొటోలు తీస్తే, మూలల్లో ఉన్న నక్షత్రాలన్నీ తోకచుక్కల్లా సాగిపోయాయి. డబ్బులు బూడిదలో పోసినట్టే అనిపించింది. తెల్లారాక తప్పు దొరికింది. నా టెలిస్కోప్ వెనకుండే ఫ్లాటెనర్‌కీ సెన్సర్‌కీ మధ్య 55 మిల్లీమీటర్లు ఉండాలి. ఫిల్టర్ గాజు మందంలో మూడో వంతు దానికి అదనంగా కలపాలి. నేను కలపలేదు. అర మిల్లీమీటరు పైచిలుకు తేడా! పల్చటి వాషర్లు వేసి సరిచేశా.

గులాబీ పూసింది

జనవరి మొదటి వారంలో ఒక రాత్రి హెచ్-ఆల్ఫాలో 5 నిమిషాల ఫొటోలు 36 తీశా. అంటే 3 గంటలు. మర్నాడు ఆక్సిజన్ ఫిల్టర్‌తో మరో 36. అది 500.7 నానోమీటర్ల దగ్గరి వెలుగు. తర్వాత టెలిస్కోప్ మూతికి తెల్ల టీషర్టు కట్టి, ల్యాప్‌టాప్ తెర వెలుగులో ఫ్లాట్ ఫ్రేములు తీశా. దుమ్ము మచ్చల్ని ఫొటోలోంచి తీసేయడానికి ఇవి కావాలి. సిరిల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో అన్నీ కలిపి, హైడ్రోజన్‌కి ఎరుపు, ఆక్సిజన్‌కి నీలం, ఆకుపచ్చ ఇచ్చా.

తెర మీద ఎర్రటి రేకులు, మధ్యలో నీలి ఛాయ. నిజంగానే గులాబీ! రూమ్మేట్ నవ్వలేదు. "పంపరా, స్టేటస్ పెట్టుకుంటా" అన్నాడు.

సంక్రాంతికి ఇంటికెళ్లినప్పుడు ఫోన్‌లో నానమ్మకి చూపించా. అటూ ఇటూ తిప్పి చూసి, "పువ్వు బాగుందిరా. మరి డాబా మీద పడుకుంటే కనిపించే చుక్కలన్నీ ఏమైపోయాయి?" అంది.

దానికి నా ఫిల్టర్ దగ్గర జవాబు లేదు. అది గీతల్లా వెలిగే నెబ్యులాలకే పనికొస్తుంది. గెలాక్సీలు, పాలపుంత అన్ని రంగుల్లో వెలుగుతాయి, వీధి లైట్లలాగే. వాటిని విడదీసే గాజు ఏదీ లేదు. అంటే నేను కొనుక్కున్నది ఒక ఫొటో, ఆకాశం కాదు.

మీరూ మొదలుపెట్టాలనుకుంటే నా సలహా: వెంటనే కెమెరా కొనకండి. ముందు మీ ఫోన్‌ని ట్రైపాడ్ మీద పెట్టి, నైట్ మోడ్‌లో ఒరాయన్‌ని తీయండి. అంతకంటే ముందు డాబా లైటు ఆపండి. మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో నేనూ అదే అడిగా: లైట్లకి పైన మూత పెట్టి, వెలుగు కిందికే పడేలా చేద్దామని. ఇద్దరు సరేనన్నారు. నానమ్మకి ఫోన్ చేసి చెప్తే, "ఇద్దరేనా?" అంది.