బుడబుడ, టకటక, కిచకిచ: ఏ చప్పుడుకు ఏ మాట?

వినబడిన చప్పుడును నోటితో అనుకరించగా పుట్టిన మాటలను ధ్వన్యనుకరణ పదాలంటారు. కొల్లేటికోట దగ్గర కొల్లేరు సరస్సు నీటిలో ఖాళీ బిందెను ముంచితే లోపలి గాలి బుడగలుగా పైకి తన్నుకొస్తూ బుడబుడమంటుంది గాని, ఆ చప్పుడును కిటకిట అని ఎవరూ అనరు. బుడగ ఎంత పెద్దదైతే అది అంత నెమ్మదిగా కంపించి అంత బొంగురుగా పలుకుతుందని 1933లో మినార్ట్ అనే శాస్త్రజ్ఞుడు లెక్కకట్టి చూపాడు. నోటిలోనూ జరిగేది దాదాపు అదే: ‘ఉ’ పలికేటప్పుడు పెదవులు గుండ్రమై స్వరం లోతుగా వినిపిస్తుంది, ‘ఇ’ పలికేటప్పుడు నాలుక అంగిలికి దగ్గరగా లేచి ముందున్న ఖాళీ కుంచించుకుపోవడం వల్ల స్వరం సన్నబడుతుంది. చిన్న పిట్టలు కిచకిచలాడటం అందుకే కాబోలు.

హల్లులదీ ఇదే తీరు. బ, డ, ద పలికేటప్పుడు గొంతులోని నాదతంత్రులు కంపిస్తాయి, ప, ట, క పలికేటప్పుడు కంపించవు. కనుక తలుపును దబదబ బాదడం బరువుగా, టకటక కొట్టడం తేలికగా వినిపిస్తుంది. గొంతెత్తి కూయడం అరుదైన ఎర్రకాళ్ల కొంగలు అదే సరస్సు దగ్గరి ఆటపాకలో గూళ్ల మీద ముక్కు పై, కింది భాగాలను కొట్టుకుంటూ చేసే పొడి చప్పుడుకు టకటకే సరిపోతుంది. గూడబాతు నీటి మీద నుంచి లేస్తూ బరువైన రెక్కలు కొట్టుకుంటే అది టపటప. గాలికి తెరచాప అల్లాడితే రెపరెప. వింతేమిటంటే, ఏ చప్పుడూ లేని వెలుగుకు కూడా తెలుగువారు తళతళ అనే జంటమాటను కట్టారు.