డబ్బు మనది... తాళం వాళ్లది!

లడ్డూ వేలంతో ఊరూరా పేరు తెచ్చుకున్న బాలాపూర్ నుంచి ఎల్బీ నగర్ దాకా, వినాయక చవితి వచ్చిందంటే గల్లీకో మండపం, మండపానికో సౌండ్ సిస్టమ్. ఆపరేటర్ అడిగేది పెన్‌డ్రైవ్. నెలనెలా డబ్బు కట్టి పాటల యాప్ వాడే కుర్రాడి ఫోన్లో ‘డౌన్‌లోడ్’ అయిన పాటలు బోలెడు ఉంటాయి. వాటిలో ఒక్కటీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కదు. పైసా కట్టకుండా ఎక్కడో దించుకున్న పాట మాత్రం పెట్టగానే మోగుతుంది. డబ్బు కట్టినవాడికి తాళం, కట్టనివాడికి పాట. చూడ్డానికి ఇది అన్యాయమే.

అయితే యాప్ పాట అద్దె పాట, చందా ఆగితే అదీ ఆగుతుంది. ఆ షరతుకు ఒప్పుకునే చేరాం కాబట్టి అక్కడ గొడవ లేదు. గొడవంతా ధర చెల్లించి కొనుక్కున్న పాటకూ కాపీ కాకుండా సాఫ్ట్‌వేర్ తాళం వేసినప్పుడే.

తాళం లేకపోతే పాటను దోచేస్తారన్న కంపెనీల భయానికి కారణం లేకపోలేదు. దిల్‌సుఖ్‌నగర్ మొబైల్ షాపుల్లో మెమరీ కార్డు ఇస్తే కొత్త సినిమా పాటలన్నీ కాసేపట్లో ఎక్కించి ఇచ్చిన రోజులు మనకు తెలిసినవే. పాట రాసినవాళ్లకు, బాణీ కట్టినవాళ్లకు అందులో దమ్మిడీ దక్కలేదు. అది దొంగతనమే, దాన్ని వెనకేసుకు రావడం నా ఉద్దేశం కాదు.

కానీ తాళం పడింది ఎవరికి? 2003 ఏప్రిల్‌లో యాపిల్ ఐట్యూన్స్ స్టోర్ తెరిచి పాట 99 సెంట్లకు అమ్మింది. ఆ ఫైలు పేరు చివర ‘ఎం4పి’ అని ఉండేది. లోపలి పాట సంకేతాల్లో చుట్టి ఉండేది. దాన్ని విప్పే తాళంచెవి, కొన్నవాళ్ల ఖాతాతో నమోదైన కంప్యూటర్లకే దక్కేది. మొదట మూడు, తర్వాత ఐదు. విచిత్రమేమిటంటే ఆ పాటల్ని మామూలు ఆడియో సీడీగా రాసుకోవడానికి యాపిలే అనుమతించింది. ఆ సీడీని మళ్లీ కంప్యూటర్‌లోకి ఎక్కిస్తే తాళం పోయేది. దాంతోపాటు నాణ్యత కూడా కాస్త పోయేది.

ఆ నష్టం లేకుండా తాళం తీసే ‘ప్లేఫెయిర్’ అనే ప్రోగ్రామ్ 2004లో వచ్చింది. యాపిల్ నోటీసుతో అమెరికాలోని సోర్స్‌ఫోర్జ్ దాన్ని తీసేసింది. అప్పుడు దానికి చోటిచ్చింది మన దేశమే. తిరువనంతపురం నుంచి నడిచిన ‘సరోవర్’ వేదికలో పెట్టారు. యాపిల్ నోటీసు అక్కడికీ వచ్చింది, సరోవర్ కూడా తీసేయాల్సి వచ్చింది. తర్వాత అదే ‘హిమ్’ పేరుతో మళ్లీ బయటికొచ్చింది. అది తెరిచేది సొంత ఖాతాలో కొన్న పాటల్నే. కొన్నవాళ్ల గుర్తింపును ఫైల్లోంచి చెరిపేది కాదు కూడా. దొంగకు అక్కరకొచ్చే పనిముట్టు కాదది.

తాళం వేసిన పాట ఏదో ఒకరోజు మూగబోతుందన్న కొన్నవాళ్ల భయం నిజమని 2008లో తేలింది. మైక్రోసాఫ్ట్ తన ఎంఎస్ఎన్ మ్యూజిక్ పాటలకు తాళంచెవులిచ్చే సర్వర్లను ఆగస్టు 31తో ఆపేస్తామంది. అంటే కొత్త కంప్యూటర్ కొంటే పాత పాటలు పలకవు. బీరువా మనం కొనుక్కుంటే తాళంచెవి షాపువాడి దగ్గరే ఉండిపోయినట్టు! జనం మండిపడ్డాక గడువు పొడిగించారు. అసలు ఈ తాళాల వల్ల లాభమూ అంతంతే. 2006లో తాళమేసి అమ్మినవి 200 కోట్ల పాటల లోపేననీ, తాళం లేని సీడీల మీద పోయినవి 2,000 కోట్ల పైమాటేననీ యాపిల్ అధినేత స్టీవ్ జాబ్స్ స్వయంగా 2007లో రాశారు. రెండేళ్లకు యాపిల్ పాటల తాళాలు తీసేసింది.

మన దగ్గర ఫ్లిప్‌కార్ట్ ‘ఫ్లైట్’ 2012లో తాళం లేని ఎంపీ3లే అమ్మింది. 2013 జూన్‌లో మూతపడింది. దుకాణం పోయినా అప్పుడు దించి దాచుకున్నవాళ్ల పాటలు నేటికీ మోగుతాయి. ఎంఎస్ఎన్ కథకూ దీనికీ ఎంత తేడానో చూడండి.

మరి తాళం తీస్తే నేరమా? 1998 నాటి అమెరికా చట్టంలో, కొన్ని మినహాయింపులు పోను, తీయడమే తప్పు. మన చట్టం మెరుగు. 2012 జూన్ 21న అమల్లోకి వచ్చిన కాపీరైట్ సవరణలోని 65ఎ సెక్షన్, హక్కులకు భంగం కలిగించే ఉద్దేశంతో తాళం తీసేవాళ్లకు రెండేళ్ల దాకా జైలు, జరిమానా అంటుంది. చట్టం నిషేధించని పనికోసం తీస్తే అడ్డు చెప్పదు. సొంతానికి వాడుకోవడాన్ని 52వ సెక్షన్ న్యాయమైన వాడకంగానే చూస్తుంది. వేరేవాళ్లకు తీయడంలో సాయం చేసేవాళ్లు మాత్రం, ఆ సాయం పొందినవాళ్ల పేరు, చిరునామా, ఎందుకు తీశారో రాసి ఉంచాలి. నిజమైన మతపరమైన వేడుకలో పాట వేయడాన్ని కూడా 52వ సెక్షన్ ఉల్లంఘనగా చూడదు. చట్టం తెరిచిన తలుపును తాళం మూసేస్తోంది.

ఇంకో మాట. తాళానికి తేదీ తెలియదు. ‘మాయాబజార్’ వచ్చిన 1957లో విడుదలైన రికార్డు మీద కంపెనీ హక్కు అరవై ఏళ్లు నిండి 2017 చివరితో తీరిపోయింది. రచయిత, సంగీత దర్శకుల హక్కుల లెక్క వేరు. కంపెనీ హక్కు తీరినా సాఫ్ట్‌వేర్ తాళం తనంతట తాను ఊడిపోదు.

తెలుగు ఆడియో కంపెనీలకు ఒక విన్నపం: పాటకు తగిన ధర పెట్టండి, ఫైలు చేతికివ్వండి. పాఠకులకూ ఒక మాట: తాళం లేని ఫైలు దొరికేచోటే కొనండి, రెండుచోట్ల దాచుకోండి, వాట్సాప్ గ్రూపుల్లో మాత్రం పంచకండి.