పెట్టెలో ప్రాణి

సరీసృపాలను శీతల రక్త జీవులని పిలవడం వాడుక. వాటి రక్తం ఎల్లప్పుడూ చల్లగా ఉంటుందని దీని అర్థం కాదు. మానవ దేహం తనకు కావలసిన వేడిని తానే పుట్టించుకొని, చలికాలంలోను వేసవిలోను దాదాపు 37 డిగ్రీల సెల్సియస్ వద్ద నిలుస్తుంది. పాము, తొండ, తాబేలు అలా చేయలేవు. వాటి దేహపు వేడి పరిసరాలను బట్టి మారుతుంది. అందుకే తొండ ఉదయం గట్టు మీద ఎండ కాగుతుంది; మధ్యాహ్నం పొదనీడకు చేరుతుంది. తగినంత వేడి లేకపోతే తిన్న ఆహారం కూడ జీర్ణం కాదు. ఎండకూ నీడకూ మధ్య సాగే ఈ రాకపోకలే సరీసృపానికి ప్రాణాధారం.

అటువంటి ప్రాణిని ప్లాస్టిక్ డబ్బాలో ఉంచిన క్షణాన ఈ స్వేచ్ఛ నశిస్తుంది. ఎండ, నీడ, గాలి, తేమ అనే నాలుగింటినీ సమకూర్చే బాధ్యత పెంచేవారి మీద పడుతుంది. ఆఫ్రికాకు చెందిన బాల్ పైథాన్ అనే కొండచిలువ, అమెరికా ఖండాలకు చెందిన ఇగువానా మొదలైన విదేశీ ప్రాణులను పెంచేవారు నేడు మన దేశంలోనూ ఉన్నారు. వారిలో పలువురు ప్లాస్టిక్ డబ్బాలను వాడడానికి కారణాలు లేకపోలేదు. అవి చవక, తేలిక, కడగడానికి అనువు. అయితే ఆ డబ్బా బట్టలో, ధాన్యమో దాచడానికి తయారైనది. దానిని ప్రాణి నివాసానికి తగినట్లు మార్చక తప్పదు.

మొదటి మార్పు గాలికి సంబంధించినది. మూతకు మాత్రమే రంధ్రాలు చేస్తే చాలదు. వేడెక్కిన గాలి పైకి పోతుంది కనుక, ఒక ప్రక్క గోడకు క్రింది భాగంలోను, ఎదుటి గోడకు పై భాగంలోను రంధ్రాలు ఉంటే గాలి ఒరవడిగా సాగుతుంది. కాల్చిన మొనతో రంధ్రాలు చేసేటప్పుడు ఆ పొగ హానికరం కాబట్టి, ఆరుబయట, ప్రాణి దగ్గర లేనప్పుడు చేయాలి. లోపలి అంచులను నునుపు చేయాలి; లేనిచో అవి చర్మాన్ని గీరుతాయి. రెండవ మార్పు వేడికి సంబంధించినది. డబ్బా ఒక కొస వెచ్చగాను, మరొక కొస చల్లగాను ఉండాలి. రెండు కొసలలోను దాగడానికి చోటు ఉండాలి. అప్పుడే ప్రాణి తనకు కావలసిన వేడిని తానే ఎంచుకోగలుగుతుంది.

ఇక్కడ ప్రదేశభేదాన్ని గమనించడం అవసరం. శీతల దేశాల పుస్తకాలు డబ్బాలో వేడిని నిలిపే ఉపాయాలను బోధిస్తాయి. నాయుడుపేట వంటి తీరప్రాంతపు పట్టణంలో సమస్య దీనికి విరుద్ధం. వేసవిలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటే రోజులుంటాయి. రేకుల కప్పు క్రింద మూసిన డబ్బా కొద్దిసేపటిలోనే ప్రాణాంతకం అవుతుంది. అక్టోబరు నుండి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల వలన గాలిలో తేమ పెరుగుతుంది. గాలి ఆడని డబ్బాలో బూజు పడుతుంది, ప్రాణికి శ్వాసకోశ వ్యాధులు సోకుతాయి. కాబట్టి ఈ తీరంలో వేడిని దాచడం కంటె వేడినీ తేమనూ వెలుపలికి పంపడమే ముఖ్యం.

ఈ సత్యాన్ని మన పరిసర ప్రాంతపు వృత్తివిద్య ముందే ఎరిగింది. నాయుడుపేట నుండి దక్షిణంగా పోతే వచ్చే చెన్నై సమీపంలో ఇరుళ గిరిజనుల పాముల సహకార సంఘం 1978లో ఏర్పడింది. వారు విషం సేకరించడానికి పట్టిన పాములను మట్టికుండలలో ఉంచి, మూతికి గుడ్డ కట్టి, కొన్ని వారాల తరువాత తిరిగి వదలిపెడతారు. మట్టికుండకు సూక్ష్మరంధ్రాలు ఉంటాయి. లోపలి చెమ్మ ఆవిరవుతూ కుండను చల్లబరుస్తుంది. ప్లాస్టిక్‌కు ఆ గుణం లేదు. రంధ్రాలు చేయడమంటే కుండకు సహజంగా ఉన్న గుణాన్ని డబ్బాకు కొంతవరకు అరువివ్వడమే.

అయినను ఎంత మార్చినా డబ్బా తీర్చలేని కొరతలున్నాయి. సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాల సహాయంతో ఇగువానా, తాబేలు వంటి ప్రాణులు విటమిన్ డి తయారు చేసుకొని, ఎముకలకు కావలసిన కాల్షియంను గ్రహిస్తాయి. మామూలు ప్లాస్టిక్ ఆ కిరణాలలో అధికభాగాన్ని అడ్డగిస్తుంది. వేడిని మాత్రం లోపల బంధిస్తుంది. ఎముకలు మెత్తబడి, పెంకు వంకరపోయే వ్యాధికి ఇదే ఒక ముఖ్య కారణం.

ఆంధ్రదేశపు మెట్ట చిట్టడవులలో పుట్టిన నక్షత్ర తాబేలుకు ఈ దుస్థితి తరచుగా పడుతున్నది. అది ఇంట ఉంటే అదృష్టమన్న నమ్మకంతో కొందరు దానిని తొట్టెలలో పెంచుతారు. భారతదేశంలోని ఒక్క వ్యాపార కేంద్రం నుండే ఏటా కనీసం 55,000 నక్షత్ర తాబేళ్లు అక్రమంగా తరలిపోతున్నట్లు 2015లో ప్రచురితమైన ఒక పరిశోధన తెలిపింది. 2019లో అంతర్జాతీయ వర్తకాన్ని నిషేధించే జాబితాలో వీటిని చేర్చారు. వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణ వీటిని మొదటి షెడ్యూలులో నిలిపింది. వీటిని పట్టినా, పెంచినా మూడు నుండి ఏడు సంవత్సరాల వరకు కారాగార శిక్ష పడవచ్చును. అదే సవరణ ప్రకారం అంతర్జాతీయ ఒప్పందపు జాబితాలలోని విదేశీ జీవులను పెంచేవారు వాటిని ప్రభుత్వం వద్ద నమోదు చేయించాలి.

ప్రాణి అవసరాన్ని ఎరిగి డబ్బాను మార్చడం వివేకం. ఏ ప్రాణికి ఏ డబ్బా తగదో ఎరగడం అంతకు మించిన వివేకం. పొలంగట్టున కనిపించిన నక్షత్ర తాబేలుకు ఆ గట్టునే విడిచిపెట్టడం కంటె మేలైన నివాసాన్ని ఎవరూ నిర్మించలేరు.