ఆఫీసుకి హెడ్‌ఫోన్ కొంటున్నారా? ముందు చెవి సంగతి చూడండి

మొదటి జీతం చేతికి రాగానే అమ్మీకి డ్రెస్ మెటీరియల్, అబ్బాకి మంచి చెప్పులు, ఆ తర్వాత తనకో హెడ్‌ఫోన్. ఐటీ, మెడికల్ కోడింగ్, అకౌంట్స్ ఆఫీసుల్లో కొత్తగా చేరే మన పిల్లల్లో చాలామంది చేసేది ఇదే. కానీ రెండు నెలలు తిరక్కుండానే ఆ హెడ్‌ఫోన్ డ్రాయర్‌లోకి వెళ్లిపోతుంది. ఒకరికి చెవి నొప్పి, ఒకరికి స్కార్ఫ్ మీద నిలవదు, మరొకరికి పక్క సీటువాళ్ల నుంచి "భాయ్, మీ పాట మాకూ వినిపిస్తోంది" అనే మాట.

షాపులో రంగు చూసి, బాస్ ఎంత దద్దరిల్లుతోందో చూసి కొనడం వల్లే ఈ ఇబ్బంది. ఆఫీసు హెడ్‌ఫోన్‌కి చూడాల్సింది అది ఎంత గట్టిగా మోగుతుందని కాదు. ఎంత తక్కువ వాల్యూమ్‌లో స్పష్టంగా వినిపిస్తుందని.

క్లోజ్డ్-బ్యాక్ అంటే ఏమిటి?

చెవిని పూర్తిగా కప్పే హెడ్‌ఫోన్లు ముఖ్యంగా రెండు రకాలు. కప్పు వెనక భాగం జల్లెడలా తెరిచి ఉంటే ఓపెన్-బ్యాక్. ఇందులో సంగీతం విశాలంగా వినిపిస్తుంది, కానీ లోపలి శబ్దం బయటికి పోతుంది, బయటి శబ్దం లోపలికి వస్తుంది. ఇంట్లో ఒంటరిగా వినడానికి బాగుంటుంది గానీ ఆఫీసుకి పనికిరాదు.

వెనక భాగం పూర్తిగా మూసి ఉంటే క్లోజ్డ్-బ్యాక్. చెవి చుట్టూ ప్యాడ్ సరిగ్గా అతుక్కుంటే బయటి మాటలు, కీబోర్డు చప్పుడు బాగా తగ్గుతాయి. మీరు వినేది పక్కవాళ్లకి పెద్దగా వినిపించదు. ఇదంతా "ప్యాడ్ అతుక్కుంటే" అన్న మాట మీదే ఆధారపడి ఉంది. చిన్న సందు ఉన్నా ముందు బాస్ పోతుంది, ఆ వెనకే బయటి గోల లోపలికి వస్తుంది. అప్పుడు మనం చేసే పని వాల్యూమ్ పెంచడం.

వారానికి చెవి కోటా

ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే లెక్క ప్రకారం పెద్దవాళ్లు 80 డెసిబెల్స్ శబ్దాన్ని వారానికి 40 గంటల వరకు వినవచ్చు. రోజుకి 8 గంటలు, వారానికి 5 రోజులు పనిచేసే ఆఫీసు సమయం కూడా సరిగ్గా ఇంతే. అయితే ప్రతి 3 డెసిబెల్స్ పెరిగినప్పుడు ఆ సమయం సగానికి పడిపోతుంది. 83 అయితే 20 గంటలు, 86 అయితే 10 గంటలు, 90 దగ్గర 4 గంటలే. అంటే వారం మొత్తం వినాల్సిన కోటా సోమవారం మధ్యాహ్నానికే అయిపోతుంది.

మామూలు మాటల శబ్దమే దాదాపు 60 డెసిబెల్స్ ఉంటుంది. నలుగురు మాట్లాడే ఫ్లోర్‌లో పాట వినపడాలంటే చెయ్యి తెలియకుండానే వాల్యూమ్ మీదికి పోతుంది. మంచి క్లోజ్డ్-బ్యాక్ ఆ గోలను తగ్గిస్తుంది కాబట్టి వాల్యూమ్ పెంచాల్సిన అవసరమే రాదు. ఫోన్ వాల్యూమ్ 60 శాతం దాటకుండా ఉంచుకోమని కూడా ఆ సంస్థ చెబుతోంది. హెడ్‌ఫోన్ తీసిన తర్వాత చెవిలో 'కుయ్' మని మోత వస్తోందంటే ఆ రోజు ఎక్కువ విన్నట్టే. అది మళ్లీ మళ్లీ వస్తుంటే డాక్టర్‌కి చూపించుకోవాలి. లోపలి చెవిలో దెబ్బతిన్న వినికిడి కణాలు తిరిగి పుట్టవు.

నాయిస్ క్యాన్సలింగ్ ఉంటే చాలదా?

నాయిస్ క్యాన్సలింగ్ హెడ్‌ఫోన్‌లో చిన్న మైకులు బయటి శబ్దాన్ని పట్టుకుని, దానికి వ్యతిరేక తరంగాన్ని పుట్టించి దాన్ని తగ్గిస్తాయి. ఏసీ హోరు, బస్సు ఇంజిన్ లాంటి ఒకే తీరు శబ్దాల మీద ఇది బాగా పనిచేస్తుంది. మనుషుల మాటలు క్షణక్షణం మారుతుంటాయి కాబట్టి వాటి మీద పట్టు తక్కువ. మాటలను ఆపేది ఎక్కువగా మంచి ప్యాడే. మీ ఆఫీసులో ఏసీ హోరే సమస్య అయితే దీనికి డబ్బు పెట్టవచ్చు. పక్క టీమ్ కబుర్లే సమస్య అయితే ముందు ప్యాడ్ ఎలా కూర్చుంటుందో చూడండి.

స్కార్ఫ్, కళ్లద్దాలు ఉన్నవాళ్లకి

మన అమ్మాయిలు ఎదుర్కొనే ఈ సమస్య ఏ అట్టపెట్టె మీదా రాసి ఉండదు. స్కార్ఫ్ మడతలు ప్యాడ్ కింద పడితే అక్కడ సందు ఏర్పడుతుంది. చెవి దగ్గర పిన్ ఉంటే గంటలోనే నొప్పి మొదలవుతుంది. పిన్‌ను గడ్డం కిందికో, భుజం వైపుకో మార్చుకుని, చెవి మీద పల్చటి బట్ట ఒకే పొర ఉండేలా చుట్టుకుంటే చాలా తేడా ఉంటుంది. జారే షిఫాన్ కన్నా మెత్తటి కాటన్ లేదా జెర్సీ బట్ట మీద హెడ్‌ఫోన్ బాగా నిలుస్తుంది. స్కార్ఫ్ వల్ల తల చుట్టుకొలత పెరుగుతుంది కాబట్టి బ్యాండ్ ఇంకా ఎంత సాగుతుందో చూసుకోవాలి. ఆఫీసుకి ఎలా వెళ్తారో అలాగే స్కార్ఫ్ చుట్టుకుని షాపుకి వెళ్లి పెట్టి చూడండి.

కళ్లద్దాల కాడ కూడా ఇలాంటి సందే చేస్తుంది. ప్యాడ్ మెత్తగా, లోతుగా ఉంటే కాడ అందులో ఇమిడిపోతుంది. సన్నటి కాడ ఉన్న ఫ్రేమ్ అయితే మరీ మంచిది.

ఇంకో మాట. రెగ్జిన్ లాంటి ప్యాడ్లు శబ్దాన్ని బాగా ఆపుతాయి గానీ ఎండాకాలంలో చెమట పట్టిస్తాయి. వెల్వెట్ లాంటి బట్ట ప్యాడ్లు చల్లగా ఉంటాయి, కాకపోతే శబ్దాన్ని కొంచెం ఎక్కువ వదులుతాయి. ఆఫీసులో ఏసీ ఎలా ఉంటుందో చూసుకుని ఎంచుకోండి.

ఓమ్స్, వైరు, మైకు

పెట్టె మీద ఓమ్స్ అని రాసి ఉంటుంది. ఫోన్‌కో, ల్యాప్‌టాప్‌కో నేరుగా తగిలించుకునేవాళ్లకి 32 నుంచి 64 ఓమ్స్ మధ్య ఉన్నవి సాధారణంగా సరిపోతాయి. ఉదాహరణకి బేయర్‌డైనమిక్ డీటీ 770 ప్రో 32, 80, 250 ఓమ్స్‌లో వస్తుంది. తెలియక 250 ఓమ్స్‌ది తెచ్చుకుంటే ఫోన్‌లో శబ్దం సన్నగా వస్తుంది, దానికి వేరే యాంప్లిఫైయర్ కావాలి.

స్టూడియోల్లో పేరున్న మోడళ్లు ఆఫీసుకి కూడా బాగా పనికొస్తాయి. సోనీ ఎండీఆర్-7506 1991 నుంచి అమ్ముడవుతోంది, 63 ఓమ్స్, మాటలు చాలా స్పష్టంగా వినిపిస్తాయి. కానీ దాని మెలికల వైరు పొడవు, బరువు. ఆడియో-టెక్నికా ఏటీహెచ్-ఎం50ఎక్స్ 38 ఓమ్స్, వైరు ఊడదీసి మార్చుకోవచ్చు. సెన్‌హైజర్ హెచ్‌డీ 280 ప్రో బయటి శబ్దాన్ని 32 డెసిబెల్స్ వరకు తగ్గిస్తుందని కంపెనీ చెబుతుంది, కాకపోతే తలను కాస్త గట్టిగా పట్టుకుంటుంది. ఈ మూడింటికీ మైకు ఉండదు. మీటింగులు ఎక్కువైతే ల్యాప్‌టాప్ మైకో, విడి మైకో వాడుకోవాలి.

బ్లూటూత్ అయితే వైరు గొడవ లేదు. కానీ ల్యాప్‌టాప్‌లో దాని మైకు ఆన్ చేయగానే చాలాసార్లు శబ్దం పాత టెలిఫోన్‌లా మారిపోతుంది. హెడ్‌ఫోన్ పాడైందని కంగారు పడొద్దు. మైకుకి, పాటకి కలిపి బ్లూటూత్‌లో జాగా చాలక అలా అవుతుంది. మీటింగ్ సెట్టింగుల్లో ల్యాప్‌టాప్ మైకు ఎంచుకుంటే సరిపోతుంది. మీ ఫోన్‌కి 3.5 ఎంఎం రంధ్రం లేకపోతే వైరు హెడ్‌ఫోన్‌కి టైప్-సీ కన్వర్టర్ కూడా లెక్కలో వేసుకోండి.

డబ్బు లెక్క

1,200 రూపాయల హెడ్‌ఫోన్ ఆరు నెలలకోసారి విరిగిపోతే మూడేళ్లలో ఆరు కొనాలి, మొత్తం 7,200. అదే 6,000 పెట్టి కొన్నది మూడేళ్లు నడిస్తే, ఏడాదికి 250 పనిరోజుల చొప్పున రోజుకి 8 రూపాయలు పడుతుంది. అలాగని ఖరీదైనవన్నీ ఎక్కువ కాలం మన్నవు. ప్యాడ్లు, వైరు విడిగా దొరుకుతాయా అని అడగండి. ముందు అరిగేవి, తెగేవి అవే. అవి దొరకని ఖరీదైన హెడ్‌ఫోన్ కన్నా, దొరికే మధ్యరకం మేలు. ఇంటి ఖర్చు చూసుకోకుండా ఈఎంఐ మీద తీసుకోవాల్సిన వస్తువు మాత్రం ఇది కాదు.

షాపులో పది నిమిషాలు

కోఠి గుజరాతీ గల్లీలో కొన్నా, పెద్ద షోరూంలో కొన్నా ఈ నాలుగు పనులు చేయండి.

మీకు బాగా తెలిసిన పాటో, తిలావతో, ఉపన్యాసమో మీ ఫోన్‌లోనే పెట్టి వినండి. షాపువాళ్లు పెట్టే బాస్ పాట మీద తీర్పు చెప్పొద్దు.

వింటూ రెండు కప్పులను అరచేతులతో మెల్లగా లోపలికి నొక్కండి. బాస్ ఒక్కసారిగా పెరిగిందంటే మామూలుగా అది మీ తలకి సరిగ్గా అతుక్కోవడం లేదన్నమాట.

రోజూ వినే వాల్యూమ్‌లోనే ఉంచి, పక్కన నిలబడ్డవాళ్లకి ఏమైనా వినపడుతోందా అని అడగండి.

పది నిమిషాలు తీయకుండా పెట్టుకోండి. చెవి చివర ప్యాడ్ లోపల తగులుతున్నా, నడినెత్తి మీద నొక్కుతున్నా వేరేది చూడండి. పది నిమిషాల్లో తెలిసే నొప్పి ఎనిమిది గంటల్లో భరించలేనిది అవుతుంది.

జీఎస్టీ బిల్లు, వారంటీ కార్డు అడిగి తీసుకోండి. పేరున్న మోడల్ సగం ధరకే ఇస్తామంటే నకిలీ అని అనుమానించాల్సిందే.

కొన్న తర్వాత కూడా గంటకోసారి తీసి చెవికి గాలి తగలనివ్వండి. ఎవరైనా పిలిస్తే, ఫైర్ అలారం మోగితే వినపడేంత వాల్యూమ్‌లోనే ఉంచండి. ఇంటికి వచ్చాక అమ్మీ రెండోసారి పిలవాల్సి వస్తోందంటే, ముందు తగ్గించాల్సింది ఆ వాల్యూమే.